ఫోటోలో ఆవిడ

పోయిన నెలలో ఒక ఆదివారం అశోకా రోడ్డులో మన తెలుగు భోజనం దొరికే క్యాంటీను దగ్గర వరసలో నిలబడి ఉన్నాను. నా ముందు విజయనగరం వైపు నుంచి ఢిల్లీ చూడ్డానికి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. నా మెడలో కెమెరా చూసి వాళ్ళలో ఒకాయన తన ఫోను నా చేతికిచ్చి, "మా అందరికీ ఒక ఫోటో తీసిపెడతారా బాబూ" అన్నాడు. అందరూ సర్దుకుని నిలబడ్డారు. నేను నొక్కబోతుంటే మధ్యలో ఉన్న పెద్దావిడ "ఒక్క నిమిషం" అని కళ్ళజోడు తీసి, కొంగు చివర చుట్టి, గుప్పిట్లో దాచుకుని, గడ్డం కాస్త పైకెత్తింది.

నాకు నవ్వొచ్చింది. కిందటి చలికాలంలో పోయిన మా మేనత్త కూడా ఫోటో అనగానే సరిగ్గా అలాగే చేసేది. కళ్ళజోడుతో దిగితే ఎంతటి ఆడమనిషైనా హెడ్మిస్ట్రెస్సులా పడుతుందని ఆవిడ నమ్మకం. ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ అత్తే గుర్తొచ్చింది.

మా నాన్నకు ఆవిడ అక్క. తెనాలి నుంచి ఉద్యోగానికని ఢిల్లీ వచ్చి, ఒక సర్కారు కార్యాలయంలో స్టెనోగా చేరి, అక్కడే రిటైరయింది. మావయ్య చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఇంతకు మించి ఆవిడ జీవిత చరిత్ర చెప్పబోతే ఆవిడే ఒప్పుకోదు. ఎవరు మాట సాగదీసినా, "డిక్టేషన్ ఇస్తున్నావా, పురాణం చెబుతున్నావా? విషయానికి రా" అనేది.

ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆవిడ కుడిచేతి చూపుడువేలు ఊరుకునేది కాదు. ఒళ్ళోనో, బల్లమీదో, బస్సులో ముందు సీటు కడ్డీమీదో చిన్న చిన్న వంకర గీతలు గీస్తూ ఉండేది. అది షార్ట్‌హ్యాండ్. మనం అనే ప్రతి మాటా అలా ఎక్కడో రాసుకుపోతోందని తెలిశాక ఆవిడ ముందు అబద్ధమాడ్డానికి నాకు చిన్నప్పట్నుంచీ జంకు. తను ఏదైనా అభిప్రాయం చెబితే మాత్రం చివర "నోట్ చేసుకో" అనేది. "వంకాయలో అల్లం ఎక్కువైతే వంకాయ చచ్చిపోతుంది. నోట్ చేసుకో." "నీళ్ళు కలిపిన పాలూ, నాన్చి చెప్పిన మాటా ఒకటే. నోట్ చేసుకో."

సరోజినీ నగర్ బట్టల బజారుకు ఆవిడతో వెళ్ళడం ఒక వినోదం. రంగు చూసేది కాదు, డిజైను చూసేది కాదు. చొక్కా చేతికందగానే లోపలివైపుకి తిప్పి కుట్టు చూసేది. "భయ్యా, యే సిలాయీ హై యా మజాక్?" అని, ఇది కుట్టా వేళాకోళమా అని, తెనాలి యాసలో, గొంతు పెంచకుండా అడిగేది. కొట్టువాడు కోపం తెచ్చుకోకుండా లోపలి నుంచి ఇంకోటి తెచ్చి ఇచ్చేవాడు. "పైన మెరుపు ప్రతిదానికీ ఉంటుందిరా. తిప్పి చూడాలి" అనేది నాతో.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి జియా సరాయ్‌లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుంది. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళ దరఖాస్తుల్లో ఇంగ్లీషు దిద్దిపెడుతూ, వాళ్ళ చేత గ్యాసు బండ మోయించుకుంటూ హాయిగా ఉండేది. నోయిడాలో మా ఇంటికి వచ్చేయమని ఎన్నిసార్లు అడిగినా, "అక్కడ నాకు పనేముంది? ఇక్కడ నలుగురు కలెక్టర్లు నా చేతికింద తయారవుతున్నారు" అనేది.

జబ్బు సంగతి మాకు ఒక సాయంత్రం తెలిసింది. నేను ఆఫీసులో ఉండగా అత్త ఫోను నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది అత్త కాదు, ఎవరో పంజాబీ ఆవిడ. "మీ ఆంటీ మా ఇంట్లో ఉన్నారు. కంగారు పడకండి, టీ తాగుతున్నారు" అంది హిందీలో. అడ్రసు చెబితే వెళ్ళాను. సరోజినీ నగర్‌లో ఇంకా పడగొట్టని పాత క్వార్టర్ల వరసలో, తను ఏళ్ళ తరబడి కాపురమున్న ఇంట్లోనే, ముందుగదిలో ఠీవిగా కూర్చుని ఉంది అత్త. పక్కన తోటకూర కట్టల సంచీ. కూరలు కొనుక్కుని, పాత అలవాటున అక్కడికి నడిచి వెళ్ళి, తలుపు తీసిన ఆ ఇంటావిణ్ణే "ఎవరు కావాలండీ?" అని అడిగిందట.

నన్ను చూడగానే మొహం విప్పారింది. "రారా. ఈవిడెవరో పాపం, చాలాసేపట్నుంచి ఇక్కడే ఉంది. వెళ్ళమనడానికి మొహమాటంగా ఉంది" అంది తెలుగులో.

పంజాబీ ఆవిడ నావైపు తిరిగి, "ఏమంటున్నారు?" అని అడిగింది.

"మీ టీ చాలా బాగుందంటున్నారు" అన్నాను.

ఆవిడ సంతోషించి ఇంకో కప్పు పోసింది. అత్త అది తాగి, "అచ్ఛా, ఫిర్ ఆయియేగా" అని ఆవిణ్ణి మళ్ళీ రమ్మని పిలిచి, నా చెయ్యి పట్టుకుని లేచింది.

డాక్టరు డిమెన్షియా అన్నాడు. ఇక తగ్గేది కాదనీ, నిదానంగా ముదురుతుందనీ చెప్పాడు. అత్తను మా ఇంటికి తెచ్చుకున్నాం. నా భార్య సరితది కరీంనగర్. స్కూల్లో టీచరు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తుంది. అప్పటిదాకా అత్తను కనిపెట్టుకుని ఉండడానికి ఒక ఆయాను పెట్టుకున్నాం, దీదీ అని పిలిచేవాళ్ళం.

కొత్త ఇల్లు ఆవిడకు అర్థమయ్యేది కాదు. స్నానాలగది అనుకుని బీరువా తలుపు తీసి, లోపల వేలాడే నా చొక్కాలను చూసి "ఎవరో ఉన్నారు" అని తిరిగి వచ్చేసేది. అప్పుడు సరిత ఒక ఉపాయం చెప్పింది. "అక్షరాలైతే చదువుతలేదు. బొమ్మలైతే చూస్తది కదా. ఒక్కొక్క గదికి ఫోటో తీసి తలుపుకి అంటిపెట్టు." అట్లా మొదలయింది నా ఫోటోల వ్యవహారం. అంతకు ముందు నేను సెలవురోజుల్లో కెమెరా తగిలించుకుని పిట్టలను తీసేవాణ్ణి. ఇప్పుడు బకెట్టును తీశాను, మంచాన్ని తీశాను, గ్యాసు పొయ్యిని తీశాను. అత్త మరునాడు పొద్దున్నే స్నానాలగది ముందు నిలబడి, ఆ బకెట్టు ఫోటోను అటూ ఇటూ చూసి, "బకెట్టుకి ఇంత పెద్ద ఫోటో ఏవిట్రా? పెళ్ళి చూపులకి పంపిస్తున్నారా?" అంది. కానీ తలుపు మాత్రం సరైనదే తీసింది.

ఆ ధైర్యంతో ఇంకో ఫోటో తీశాను. అత్త ఎలాగో ఒక పూట కాఫీ తాగుతుండగా తీసి, బల్ల పక్కన గోడకు అంటించాను. అసలు చిక్కేమిటంటే ఆ రోజుల్లో ఆవిడ ఏదీ తాగేది కాదు, తినేది కాదు. గ్లాసు చేతికిస్తే పట్టుకుని కూర్చునేది. ఫోటో పెట్టిన రోజు దాన్ని తేరిపార చూసి, సరితను పిలిచి, "ఎవరమ్మాయ్ ఈవిడ?" అని అడిగింది.

సరిత తడబడకుండా, "మన చుట్టాలే అత్తమ్మా" అంది.

"చూడ్డానికి మర్యాదస్తురాలిలా ఉంది. ఆవిడకి కాఫీ ఇచ్చారు. మరి నాకేదీ?"

అప్పట్నుంచి మా ఇంట్లో అత్తకు ఒక జోడీ తయారయింది. ఫోటోలో ఆవిడ అన్నం తింటే ఈవిడ తినేది. ఫోటోలో ఆవిడ స్వెట్టర్ వేసుకుంటే తనకూ చలి వేసేది. మందుల విషయంలో మాత్రం, "ఆవిడకి ఒంట్లో బాగాలేదు కనక వేసుకుంటోంది. నాకేం?" అని వాదించేది.

నన్ను గుర్తుపట్టడం కూడా రోజును బట్టి ఉండేది. కొన్ని రోజులు "ఒరేయ్" రోజులు, కొన్ని "అండీ" రోజులు. "ఒరేయ్" రోజున నేను మేనల్లుణ్ణి. "అండీ" రోజున నేను ఎవరో పిలిపించిన స్టూడియో మనిషిని. రానురాను "అండీ" రోజులే ఎక్కువయ్యాయి. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత దాని రుచి తెలిసింది. ఎందుకంటే మేనల్లుడికి ఎన్నడూ చెప్పని మాటలు ఫోటోగ్రాఫర్ గారికి చెప్పేది.

ఒక శీతాకాలం మధ్యాహ్నం బాల్కనీలో ఎండ పొడ పడుతోంది. అత్త పచ్చి బఠాణీలు ఒలుస్తోంది. తొక్కలు గిన్నెలోకీ, గింజలు చెత్తబుట్టలోకీ వెళుతున్నాయి. దీదీ "అమ్మాజీ, ఉల్టా హో రహా హై" అంటే, "ముఝే మాలూమ్ హై", నాకు తెలుసులే అని సాగిస్తూనే ఉంది. నేను ఎదురుగా నేలమీద కూర్చుని ఆ వేళ్ళను తీస్తున్నాను.

"నోయిడాలో మా తమ్ముడి కొడుకు ఒకడున్నాడండీ" అంది ఉన్నట్టుండి. "వాడూ ఇలాంటి డబ్బా ఒకటి మెడకేసుకుని తిరుగుతాడు. మీకున్న నేర్పు లేదులెండి వాడికి. పిట్టని తీస్తే కొమ్మ పడుతుంది."

"ఏం చేస్తుంటాడండీ?" అన్నాను.

"కంప్యూటర్లు. అదేదో నాకు తెలీదు. చిన్నప్పుడు సెలవులకి నా దగ్గరికి వచ్చేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్లమీద కూర్చుని ఉండేవాడు. లోపల ఫ్యానుంది, మంచం ఉంది, ఎందుకురా ఇక్కడ అంటే, నువ్వు వచ్చేది కనిపించాలిగా అనేవాడు." ఒక తొక్కను జాగ్రత్తగా గిన్నెలో వేసింది. "ఇంటికి వెళ్ళాలని నాకు తొందర పుట్టింది ఆ సెలవుల్లోనేనండీ. మిగతా రోజుల్లో ఓవర్‌టైమ్ ఉంటే బాగుండుననుకునేదాన్ని."

ఆ తర్వాత తీసిన ఫోటోలన్నీ కదిలిపోయాయి.

అలా చాలా ఫోటోలు పోగయ్యాయి. టీవీలో వార్తలు వస్తుంటే దుప్పటిమీద షార్ట్‌హ్యాండ్ రాసే వేలు. లిఫ్టు అద్దంలో తనకు తనే నమస్కారం పెట్టుకోవడం. కింద కొట్లో జిలేబీ తింటూ, గడ్డం నిండా పాకంతో, కళ్ళు మూసుకుని నవ్వడం. మా కెమెరా మిత్రబృందంలో ఒక పెద్దాయన అవి చూసి, మా కాలనీ గ్రంథాలయం పక్కనున్న హాలులో ఒక వారం గోడలకు పెడదామన్నాడు. అన్నిటిలోకీ ఆయనకు నచ్చింది ఒకటుంది. ఒక తెల్లవారుజామున తీసింది. అత్త మంచం అంచున కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. తానెక్కడున్నదో తెలియక, కళ్ళలో నీళ్ళు. కిటికీలోంచి వచ్చే పలచని వెలుగు ఒక చెంప మీద పడింది. "నీ జన్మకి ఇలాంటిది మళ్ళీ తీయలేవు. గుమ్మానికి ఎదురుగా ఇదే ఉండాలి" అన్నాడు ఆయన.

సరిత ఆ ఫోటో చూసి మొహం తిప్పుకుంది. "గిది పెట్టకు. నేను రోజూ పొద్దున నూనె రాసి జడ అల్లేది ఎందుకనుకున్నవ్?" అంది. నేను వినలేదు. తెనాలిలో ఉన్న నాన్నకు ఫోనులో పంపించాను, మెచ్చుకుంటాడని. నాన్న ఫోన్ చేసి, "మా అక్కని ఆ అవతారంలో పదిమందికీ చూపిస్తావా?" అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా పెట్టేసి, దొరికిన రైలెక్కి ఢిల్లీ వచ్చేశాడు.

ఆయన వచ్చిన రోజు "అండీ" రోజు. తమ్ముణ్ణి చూసి అత్త లేచి నిలబడి, "రండి సార్, కూర్చోండి" అంది. పుట్టినప్పట్నుంచీ "ఒరేయ్ చిన్నాడా" తప్ప ఇంకో పిలుపు ఎరగడు నాన్న ఆవిడ నోట. చేతిలో తెనాలి నుంచి తెచ్చిన జంతికల డబ్బా అలాగే పట్టుకుని, కాసేపటిదాకా కూర్చోలేకపోయాడు.

సాయంత్రం భోజనాల బల్లమీద ఫోటోలన్నీ పరిచాను, తీసింది ఏమిటో చూసి మాట్లాడమని. నాన్న చూడనేలేదు. "ఎంత ఠీవిగా బతికిన మనిషిరా. ఆఫీసర్లే నిలబడి మాట్లాడేవాళ్ళు. ఇదా చివరికి మిగిలేది?" అన్నాడు. జిలేబీ ఫోటో వేలితో చూపించి, "నోటి నిండా ఆ పాకం ఏవిటి, ఆ కళ్ళేవిటి" అన్నాడు. నేను కళ గురించి ఏదో చెబుతున్నాను. గొంతులు లేస్తున్నాయి.

అత్త గదిలోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్లమీద కాగితాలు కనిపిస్తే ఆఫీసని అనుకుంది కాబోలు, ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క ఫోటో చేతిలోకి తీసుకుంది. మేమిద్దరం ఆగిపోయాం. చూసినవాటిని ఎడమవైపు పేర్చుకుంటూ పోతోంది. బఠాణీల ఫోటో దగ్గర, "పనిమంతురాలు" అంది. నమస్కారం ఫోటో దగ్గర తనూ ఒక నమస్కారం పెట్టింది.

విరబోసుకున్న జుట్టు ఫోటో వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు తీశారండీ?"

"నేనేనండీ."

"ఈవిడ ఇంకా తయారవలేదు."

"ఆ పొద్దుటి వెలుతురు బాగుందని తీశానండీ."

"వెలుతురు బాగుంటే వెలుతుర్ని తీయండి. ఈవిడెందుకు?" గొంతులో కోపం లేదు. కొట్టువాణ్ణి కుట్టు గురించి అడిగే గొంతు అది. "అడిగారా ఆవిణ్ణి?"

"లేదండీ."

ఫోటో బోర్లా తిప్పి కుడివైపు పెట్టింది. సరిత వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు ఒక చూపు చూసింది. నాన్న మొహంలో గెలిచిన వెలుగు కనిపించింది. ధైర్యంగా జిలేబీ ఫోటో తనే ముందుకు జరిపాడు. "దీన్ని కూడా తీసేయమనక్కా" అన్నాడు.

అత్త దాన్ని చూసి ఫక్కున నవ్వింది. "ఇదెందుకు తీసెయ్యడం? ఆవిడ జిలేబీ తింటోంది. దొంగతనం చేయట్లేదుగా."

"అందరూ నవ్వుతారేమోనని" అన్నాడు నాన్న.

"ఆవిడే నవ్వుతోందిగా ముందు." కళ్ళజోడు పైనుంచి ఆయన్ని పరకాయించి చూసింది. "మీరేమవుతారు ఆవిడకి?"

నాన్న కాస్త తటపటాయించి, "తమ్ముణ్ణి" అన్నాడు.

"అచ్ఛా. తోడబుట్టినవారు." ఫోటో ఆయన చేతిలో పెట్టింది. "ఆవిడ ఇంత సంతోషంగా ఉంటే మీకెందుకండీ బాధ?"

నాన్న ఆ ఫోటోను అప్పుడు చూశాడు నిజంగా. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన పెదవి ఒక పక్కకు వంగింది. "చిన్నప్పుడు పెళ్ళి పందిట్లో ఇట్లాగే తినేదిరా. అమ్మ కొడుతున్నా వదిలేది కాదు" అన్నాడు నాతో. ఆపుకోలేక నవ్వాడు. ఆయన నవ్వితే అత్త నవ్వింది, దేనికో తెలియకపోయినా. జంతికల డబ్బా మూత తీశారు. ఇద్దరూ ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నారు. "మీ ఊరివా? బాగున్నాయి" అంది అత్త. "మన ఊరివే" అన్నాడు నాన్న.

హాలులో గుమ్మానికి ఎదురుగా జిలేబీ ఫోటో పెట్టాం. మా పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు కానీ, వచ్చినవాళ్ళంతా మొదట దాని దగ్గరే ఆగి, నవ్వు మొహంతో లోపలికి నడవడం చూసి సర్దుకున్నాడు.

మొదటి రోజు సాయంత్రం సరిత అత్తకు నున్నగా జడ అల్లి, నేరేడు రంగు పట్టుచీర కట్టి తీసుకొచ్చింది. నాన్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇది ఎవరింటి పేరంటమో తెలియకపోయినా అత్త గుమ్మంలోనే నిలబడి వచ్చేవాళ్ళను పలకరించడం మొదలుపెట్టింది. "ఆయియే, ఆయియే. భోంచేసి వెళ్ళాలి." ఒక కాలేజీ అమ్మాయి ఫోటోను చూసి, ఈవిణ్ణి చూసి, మళ్ళీ ఫోటోను చూసి, నోరు తెరవబోయి, ఏమనుకుందో ఏమో వంగి కాళ్ళకు దండం పెట్టింది. అత్త దీవించింది.

జనం పలచబడ్డాక నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్క ఫోటో దగ్గరా ఆగి చూసింది. చివరిదాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఇవన్నీ మీరే తీశారా?"

"నేనేనండీ."

"ఆవిడకి మీరంటే జంకు లేదు. కొంతమంది కెమెరా చూస్తే బిగుసుకుపోతారు. ఈవిడ చూడండి, ఇంట్లో మనిషి ముందు కూర్చున్నట్టు ఎట్లా కూర్చుందో."

ఆవిడ కాస్త ముందుకు వంగి, నలుగురికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"మళ్ళీ ఫోటోలు తీయడానికి వెళతారు కదా. అప్పుడు ఆవిడతో చెప్పండి, ఒకసారి మా ఇంటికి రమ్మని. మా ఇద్దరికీ మాటలు కలుస్తాయనిపిస్తోంది."

"తప్పకుండా చెబుతాను. ఎప్పుడు రమ్మంటారు?"

"ఎప్పుడైనా సరేనండీ" అంది మా అత్త. "నేనెక్కడికి పోతాను? ఇంట్లోనే ఉంటాను."